కొమ్మాది ఇంకా పిలవలేదు

మొన్న స్కూటరు మెకానిక్ దగ్గర వదిలేసి మద్దిలపాలెంలో సిటీ బస్సెక్కాను. ఇసుకతోట దగ్గర ఒకామె దిగుతుండగానే బస్సు కదిలింది. వెనకనుంచి కండక్టరు "హోల్డాన్" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. బస్సు ఆగింది. నడవలో ముందుకి జరుగుతున్నవాళ్ళు ఆగారు. జేబులోంచి ఫోను తీస్తున్న నా చెయ్యి కూడా ఆగింది. ఆమె దిగాక కండక్టరు బస్సు రేకుమీద రెండుసార్లు చరిచాడు. మళ్ళీ అంతా కదిలింది.

ఒకప్పుడు ఆ మాట చెవిన పడితే, ఎంత మంచి మాటల్లో ఉన్నా తలొంచుకునేవాణ్ణి. మొన్న అలా జరగలేదు. కిటికీలోంచి గాలి తగులుతోంది, హనుమంతవాక వస్తోంది, నాలో నేనే నవ్వుకుంటున్నాను. ఆ మాటని నాకు గుర్తుచేసే మనిషి పోయి ఒక వానాకాలం గడిచింది. ఇక ఆయన గురించి రాయవచ్చుననిపించింది.

నేను ఎండాడ దాటాక కొండవాలులో ఉన్న ఒక ఇండోర్ అరీనాకి మేనేజర్ని. మధ్యలో చెక్కనేల, రెండు పక్కలా మెట్లుమెట్లుగా కుర్చీలు, ఒక చివర పెద్ద తలుపులు, రెండో చివర వేదిక. పొద్దున్న కబడ్డీ ఆడిన నేలమీదే సాయంత్రానికి తివాచీ పరిచి పాటకచేరీ పెడతాం. కరాటే బెల్టు పరీక్షలు, బాక్సింగు, ఉద్యోగ మేళాలు, ముహూర్తాల రోజుల్లో రిసెప్షన్లు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి పిల్లలు వ్యానుల్లో వచ్చి ఆడి వెళ్తారు. అక్కడ మైకు పట్టుకునే మనిషి ఆయన. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అందరూ మావ అనేవారు. ఆయన మాత్రం చిన్నాపెద్దా తేడాలేకుండా మగవాళ్ళందరినీ బావ అనేవాడు. నన్ను కూడా. అది నాకు నచ్చేది కాదు.

"ఆఫీసులో బావలేంటండీ, మేనేజరు గారూ అనండి" అని ఒకసారి చెప్పాను.

"అలగే బావ" అన్నాడు.

ఆయన కుడి భుజం ఎడమదానికంటే దిగువకి ఉండేది. ఏళ్ళ తరబడి తోలుసంచీ వేలాడిన భుజం. రిటైరయ్యాక కూడా ఆ సంచీ వదల్లేదు. అందులో టిక్కెట్ల బదులు మిరియాలూ కలకండా ఉండేవి, గొంతుకి. మైకు పట్టుకుంటే కాళ్ళు ఎడంగా పెట్టి, తుంటి బల్లకి ఆనించి నిలబడేవాడు. కొంచెంసేపు చూస్తే మనకి అనుమానం వచ్చేది, నేల కదులుతోందా అని. ఆయన ఊగేవాడు. మలుపుల్లో వొరిగేవాడు. మైకులో మాట ఆపితే బ్రేకు పడ్డట్టు ముందుకి ఒక అడుగు పడేది.

ఆయన సముద్రంమీద చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు, రుషికొండ అవతల. అన్నదమ్ములంతా ఇప్పటికీ పడవమీదే. ఈయన బస్సెక్కడం వెనక కథ ఆయనే చెప్పేవాడు. ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెప్తున్నట్టే చెప్పేవాడు.

"పడవెక్కితే సాలు బావ, వాంతి. మా నాన్న సూసి సూసి, ఈడు సేపలు పట్టడం లేదర్రా, సేపలకి మేతేత్తన్నాడు అన్నాడు. సముద్రం నన్నొద్దంది. బస్సు రమ్మంది."

మంచి అనౌన్సరు కాదు. ఇది చెప్పకపోతే అబద్ధం రాసినవాణ్ణవుతాను. స్కోరు తప్పులు చెప్పేవాడు. ఎర్ర జెర్సీకి వచ్చిన పాయింటు పచ్చ జెర్సీకి ఇచ్చేవాడు. సరిదిద్దబోతే, "పాయింటు ఎవుల్దో ఆళ్ళు సూసుకుంటారు, బోర్డుంది కదేటి. ఎవులు బాగా ఆడేరో సెప్పడానికి నానున్నాను" అనేవాడు. బాక్సింగులో ఓడిన కుర్రాడి గురించి, గెలిచినవాడికంటే ఎక్కువసేపు మాట్లాడేవాడు. ఒక రిసెప్షన్‌లో భోజనాల దగ్గర తోపులాట మొదలైతే మైకులో, "ఎనక బండి ఖాళీగా వత్తంది, అందరూ ఈ బండికే ఎగబడకండి" అన్నాడు. పెళ్ళికొడుకు తండ్రి పకపకా నవ్వాడు. నేను పళ్ళు కొరుక్కున్నాను.

మైకంటే ఆయనకి ప్రాణం. ఆట ఉన్నా లేకపోయినా పొద్దున్నే వచ్చి, దాన్ని తువ్వాలుతో తుడిచి, ఒకసారి ఊది, మళ్ళీ బల్లమీద పెట్టి టీకి వెళ్ళేవాడు.

అన్నిటికంటే నాకు మింగుడుపడనిది స్టాండ్ల పేర్లు. టిక్కెట్లమీద ఏ, బీ, సీ, డీ అని అచ్చు వేయించాం. ఆయన వాటిని ఎప్పుడూ అలా పిలవలేదు. తలుపుల పక్కది మద్దిలపాలెం. తరవాతది హనుమంతవాక. ఆ తరవాత ఎండాడ. వేదిక పక్కన చివరిది మధురవాడ. రెండు పక్కలా అవే పేర్లు. అదేమిటని అడిగితే, "రోడ్డుకి రెండు పక్కలా స్టాపుండదేటి" అన్నాడు. ఏ కార్యక్రమమైనా ముందు హాజరు పట్టేవాడు.

"మద్దిలపాలెం ఉందా?"

"ఉంది!" అని ఆ స్టాండు మొత్తం అరిచేది.

"హనుమంతవాక?"

"ఉంది!"

ఎండాడ గొంతు చిన్నగా వస్తే, "ఎండాడోళ్ళు టిఫిన్ సేసి రాలేదేటి" అని మళ్ళీ అరిపించేవాడు. పిల్లలకి అది ఆటకంటే ఇష్టం. దానికి తోడు ఇంకో పట్టుదల ఉండేది. స్టాండ్ల మధ్య మెట్లమీద ఒక్క మనిషి నిలబడి ఉన్నా మొదలుపెట్టేవాడు కాదు. ఆ మెట్లు ఆయన లెక్కలో ఫుట్‌బోర్డు. "ఆ నీలం సొక్కా బావ, ఫుట్‌బోర్డు మీద యేలాడకు, లోపల ఖాళీ ఉంది, జరుగు." నీలం చొక్కా జరిగేదాకా నిశ్శబ్దం. అతిథులు గడియారం చూసుకునేవారు. నేను చెమటలు తుడుచుకునేవాణ్ణి.

నాలో ఉన్న జబ్బు గురించి ఇక్కడ చెప్పాలి. పెద్దవాళ్ళముందు చిన్నబోతానేమోనని నాకు ఎప్పుడూ భయం. నాగావళి పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట్లోంచి వచ్చి, గాజు తలుపుల ఆఫీసులో కూర్చున్నవాణ్ణి. నా యాస ముందే దాచేశాను. ఆ భయం భయంలా బయటికి రాదు, కోపంలా వస్తుంది. పైవాళ్ళమీద చూపలేను కాబట్టి కిందవాళ్ళమీద చూపిస్తాను. ఇంట్లో నా భార్యకి ఇది బాగా తెలుసు.

ఒక రోజు వేసవి సెలవుల్లో పిల్లల డాన్సు పోటీ. ఖర్చు పెట్టింది ఒక పెద్ద కంపెనీ. యాంకరుగా కాలేజీ అమ్మాయిని వాళ్ళే తెచ్చుకున్నారు. మొదట్లో స్వాగతం మాత్రం మావ చెప్పాలి. మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ముఖ్య అతిథి వచ్చాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళు దండలు పట్టుకుని ఎండాడ మెట్లమీద నిలబడ్డారు. ఫొటోలకి అక్కడే బాగుంటుందని.

మావ హాజరు పట్టలేదు. మైకు పట్టుకుని ఊగుతూ వాళ్ళనే చూస్తున్నాడు.

"ఫుట్‌బోర్డు ఖాళీ సెయ్యండి. దండలట్టుకున్న బావలూ, తమర్నే. లోపలికి జరిగితే బండి కదుల్తాది."

హాలంతా నవ్వింది. అతిథి నవ్వలేదు. కంపెనీ మనిషి తల తిప్పి నావైపు చూశాడు. ఆ చూపు చాలు నాకు. వేదిక ఎక్కి, ఆయన "కొంచిం..." అంటుండగానే చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"ఇదేమైనా బస్సా?" అన్నాను.

మైకు ఆన్‌లోనే ఉంది. అందరికీ వినిపించింది.

ఆయన నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అర్థంకానట్టు చూశాడు, అంతే. బల్లమీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. సంచీ సర్దుకుని, వేదిక దిగి, నేలంతా నడిచి వెళ్ళి మద్దిలపాలెం స్టాండు మొదటి వరసలో కూర్చున్నాడు. మెట్లమీదివాళ్ళు అక్కడే నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. నేను మైకు ఆ అమ్మాయికిచ్చాను. కార్యక్రమం చక్కగా, టైముకి మొదలైంది.

పోటీ సగంలో ఉండగా ఈదురుగాలి లేచింది. పైకప్పు రేకులు దడదడలాడాయి. వాన ఒక్కసారి విరుచుకుపడింది. ఉన్నట్టుండి లైట్లు పోయాయి, పాట ఆగింది, ఏసీ హోరు ఆగింది. మా హాలుకి కిటికీలు లేవు. బయట పట్టపగలు, లోపల కాటుక. జనరేటరు ఒకసారి గురగురలాడి ఊరుకుంది. తలుపులమీది చిన్న లైట్లు మాత్రం వెలిగాయి. అవి తలుపెక్కడుందో చెప్తాయి, మన ముందున్న మనిషిని చూపించవు. అంతలో కరెంటు ప్యానెల్ గదివైపు నుంచి వైరు కాలిన వాసన వచ్చింది.

వేదికమీద గజ్జెలు కట్టుకున్న పిల్లలు ఏడుపు అందుకున్నారు. తల్లులు లేచారు. ఫోన్ల లైట్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. పిల్లల కోసం కిందకి దిగేవాళ్ళూ, తలుపుకోసం తోసుకునేవాళ్ళూ ఎండాడ మెట్లమీద ఒకరికొకరు అడ్డంపడ్డారు. ఎవరో పడ్డ చప్పుడు. నేను వేదికమీద నిలబడి, "ఎవరూ కంగారుపడకండి, ఎవరూ కంగారుపడకండి" అని అరిచాను. నా గొంతులోనే కంగారు ఉంది. అది విని ఇంకా కొందరు లేచారు.

"హోల్డాన్."

మద్దిలపాలెం స్టాండు నుంచి. ఇనప కమ్మీమీద ఒక్క చరుపు.

ఆగారు. మైకు లేదు, వెలుతురు లేదు. అయినా ఆగారు. బస్సెక్కని మనిషి ఆ హాల్లో ఎవరున్నారు గనక. కాళ్ళు వాటంతట అవే ఆగాయి. నావి కూడా.

"ఏటీ అయిపోలేదు. బండి ఆగింది, అంతే. డ్రైవరు దిగి సూత్తన్నాడు. ఎక్కడోళ్ళక్కడ కూకోండి."

చీకట్లోంచి ఎవరో అన్నారు. "మావా, ఏదో కాల్తన్న వాసనొత్తంది."

"నాకూ వత్తంది. ముక్కు నీకొక్కడికే ఉందేటి? అందుకే దిగుతున్నాం. వరసలో దిగుతాం. ఫుట్‌బోర్డు మీదోళ్ళు ముందు సీట్లోకి జరగండి. పడ్డోళ్ళని లేపండి. లేపేరా?"

"లేపేం మావా."

"మా పాప స్టేజీ మీదుందయ్యా" అని ఒకామె ఏడ్చింది.

"పాప ఇంజను పక్కనుందమ్మా. అందరికన్నా ముందు దిగేది ఆళ్ళే. నీ స్టాపు పిలిసినప్పుడు బయటికెల్లు, నీ సేతికి అందుతాది. మేనేజరు బావ! ఉన్నావేటి?"

"ఉన్నాను" అన్నాను.

"ఎనక తలుపు తియ్యి. పిల్లల్ని సెయ్యీ సెయ్యీ పట్టించి దింపు. పరిగెట్టించకు."

నేను వేదిక వెనక తలుపు తీశాను. ఒక్కొక్క పిల్ల చేయీ ఇంకో పిల్ల చేతిలో పెట్టి, వానలోకి, అక్కణ్ణించి ముందు పోర్టికో కిందకి నడిపించాను. యాంకరు అమ్మాయి చివర్న నడిచింది. నా వెనక చీకట్లో ఆ గొంతు వినిపిస్తూనే ఉంది.

"మద్దిలపాలెం ఉందా?"

"ఉంది." మొదట వణుకుతూ వచ్చింది.

"మద్దిలపాలెం దిగాలి, మద్దిలపాలెం. హనుమంతవాకోళ్ళు లెగొద్దు, మీకింకా టైముంది."

అలా ఒక్కో స్టాపూ. మధురవాడ వచ్చేసరికి జనం నవ్వుతూ దిగారట. నేను పోర్టికోలో పిల్లల్ని తల్లుల చేతుల్లో పెడుతున్నాను. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపేశాడు, పొగ తగ్గుతోందన్నాడు. ఒక పెద్దాయన మోకాలు గీసుకుపోయింది, ఒక పాప గజ్జె తెగింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. ముఖ్య అతిథి తడిసిన దండతో పక్కన నిలబడి ఉన్నాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడెవరో అడిగారు. "మావేడీ?"

పోర్టికోలో లేడు. రోడ్డుమీద లేడు. ఆ రోజు నేను ఆయన్ని చూసి అన్నది "ఇదేమైనా బస్సా" అన్న మాటొక్కటే. ఇంకేం ఆలోచించకుండా లోపలికి పరిగెత్తాను. పొగవాసన గొంతుకి పట్టుకుంటోంది. పిలుద్దామంటే ఏమని పిలవాలో నాకు తెలియలేదు. ఇన్నాళ్ళూ "ఏవండీ" అనే తప్ప ఏమీ అనలేదు.

ఎండాడ స్టాండు పైవరసలో ఒక ఫోను వెలుగు నెమ్మదిగా కదులుతోంది. ఒక్కో వరసా, కుర్చీల కింద కూడా చూసుకుంటూ. వెలుగు ఒకచోట ఆగింది. అక్కడ ఇద్దరు ముసలమ్మలు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వొళ్ళో సంచులు పెట్టుకుని, నిమ్మళంగా.

"ఏటమ్మా, అందరూ దిగీసేరు, మీరు దిగలేదేటి?" అని మావ అడుగుతున్నాడు.

"మాది కొమ్మాది నాయనా. నువ్వింకా పిలవలేదు కదా" అంది ఒకామె.

కొమ్మాది మధురవాడ అవతల. మా హాల్లో ఆ పేరుతో స్టాండు లేదు. మనవరాలి డాన్సు చూడ్డానికి మొదటిసారి వచ్చారట. ఊళ్ళ పేర్లు పిలుస్తుంటే, ఎవరి ఊరొచ్చినప్పుడు వాళ్ళు లేవాలనుకున్నారు.

మావ నిటారుగా నిలబడి, ఖాళీ హాలంతా వినబడేట్టు పిలిచాడు.

"కొమ్మాది దిగాలమ్మా, కొమ్మాది."

ఇద్దరూ లేచారు. "ముందే పిలిత్తే నీ సొమ్మేటి పోనాది, మోకాళ్ళు పట్టీసేయి" అని రెండో ఆమె విసుక్కుంది. నేనొకరికి చెయ్యి అందించాను, మావ ఒకరికి. మెట్లు దిగుతూ నావైపు చూడకుండానే అన్నాడు.

"ఫుట్‌బోర్డు సూడకుండా రైట్ సెప్పకూడదు బావ. ఎవులో ఒకలు ఉండిపోతారు."

గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, తలుపుమీద రెండుసార్లు చరిచాడు.

నిజానికి ఆ రోజే చెప్పాలి నేను. చెప్పలేదు. మరుసటి ఆదివారం కబడ్డీకి ఆయన మామూలుగానే వచ్చాడు. బల్లకి కొంచెం దూరంగా నిలబడ్డాడు, మైకు ముట్టుకోకుండా. క్షమించమని అడగాల్సిన చోట నేను మైకు బ్యాటరీలు మార్చి, ఆయన చేతికందేట్టు జరిపి, ఏదో పనున్నట్టు వెళ్ళిపోయాను. కాసేపటికి వెనకనుంచి "మద్దిలపాలెం ఉందా" అని వినిపించింది. ఆ రోజునుంచి మధురవాడ తరవాత ఇంకో పేరు చేరింది. "కొమ్మాది?" అని పిలిచి, ఎవరూ పలక్కపోయినా, పైవరసలవైపు ఒకసారి చూసేవాడు. ఆయన చూసిన ప్రతిసారీ నాకు చెప్పని మాట గుర్తొచ్చేది. రేపు చెప్దాం అనుకునేవాణ్ణి. రోజూ కనబడే మనిషికి చెప్పడం ఎంత కష్టమో!

ఆపైన ఆయన గొంతు బొంగురుపోయింది. కలకండకి లొంగలేదు. ఆపరేషన్ చేశారని, ఇక మాట రాదని కబురు తెలిసింది. చెప్పకుండా ఉండిపోతానేమోనని మొదటిసారి నాకు నిజంగా భయం వేసింది. ఆ వారంలోనే ఒక పొద్దున్న వాళ్ళ ఊరికి వెళ్ళాను.

వీధిలో వలలు ఆరేసి ఉన్నాయి. ఇంటిముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మెడకి తువ్వాలు చుట్టుకుని. నన్ను చూసి లేవబోయాడు. ఆయన భార్య లోపల్నుంచి స్టూలు తెచ్చి వేసింది.

"కూకో బాబూ. ఇన్నాళ్ళూ ఆయనే మాట్టాడేరు. ఇప్పుడు నా వంతొచ్చింది" అంది. "ఇప్పుడు కుర్సీమీద సరుపులే. ఒక్కటి కొడితే ఆగమని, రెండు కొడితే కదలమని. ఇంటికొచ్చినా బస్సు దిగలేదు ఈ మనిసి."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"నిన్న కబడ్డీకి స్టాపులు నేనే పిలిచాను" అన్నాను. "ఎండాడ సరిగ్గా పలకలేదు. కొమ్మాది కూడా పిలిచాను."

చెయ్యి ఎత్తి పైవరసలవైపు చూపించినట్టు చూపించాడు. చూశావా అని.

"చూశాను. ఎవరూ లేరు."

తల ఊపాడు. ఆమె టీ పెట్టడానికి లేస్తోంది. ఆమె వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. మళ్ళీ నాకే సిగ్గేసింది. అంతమంది ముందు అన్నవాణ్ణి, ఒక్క మనిషి ముందు చెప్పలేనా?

"బావ" అన్నాను. ఆ మాట నా నోట ఆయన వినడం అదే మొదలు. "ఆ రోజు అందరిముందూ నీ చేతిలోంచి మైకు లాగీసేను. తప్పు నాది. ఎప్పుడో సెప్పాలి, సెప్పలేకపోనాను."

దాచుకున్న యాస దానంతటదే వచ్చేసింది. ఆమె గుమ్మంలో ఆగిపోయింది.

ఆయన కుర్చీ చేతిమీద ఒక్కసారి చరిచాడు. నేను ఆగాను. పక్కనున్న తోలుసంచీ వొళ్ళోకి తీసుకుని, అడుగుదాకా చెయ్యిపెట్టి వెతికి, ఒక కలకండ ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. నోట్లో వేసుకోమని సైగ చేశాడు. వేసుకున్నాను. అది నా నోట్లో కరగడం మొదలయ్యేదాకా నా మొహంలోకి చూస్తూ ఉన్నాడు.

తరవాత రెండుసార్లు చరిచాడు.